కావలియర్ వెన్నుపాములో 2 మి.మీ. లెక్క: ప్రాజెక్టు డైరీ

కావలియర్ కింగ్ చార్ల్స్ స్పానియల్ కుక్కల పాత ఎమ్మారై స్కాన్లు తెరిచి మూడు కొలతలు తియ్యాలి. మొదటిది మెడ దగ్గర వెన్నుపాములో ఏర్పడే నీటి గుంత వెడల్పు. రెండోది మెదడు లోపలి ద్రవపు గదులైన వెంట్రికిళ్ల పరిమాణం. మూడోది పుర్రె వెనక గది ఎంత, అందులో మెదడు ఆక్రమించినది ఎంత అన్న నిష్పత్తి.

ఈ జాతిలో ఆ వెనక గది ఇరుకు. చిన్నమెదడుకు చోటు చాలక, వెన్నుపాము బయటికొచ్చే ఫొరామెన్ మాగ్నమ్ రంధ్రంలోకి తోసుకొస్తుంది. మెదడు ద్రవం రాకపోకలు దెబ్బతిని వెన్నుపాములో సిరింక్స్ అనే గుంత పడుతుంది. మొదటి లోపం పేరు కియారి లాంటి వైకల్యం, రెండోది సిరింగోమైలియా. ఆ ‘లాంటి’ ఊరికే చేర్చింది కాదు. 1891లో హాన్స్ కియారి మనుషుల్లో వర్ణించిన రకంలో కిందికి దిగేవి చిన్నమెదడు టాన్సిల్స్ (దాని అడుగున ఉండే రెండు ముద్దలు, గొంతువి కావు). కుక్కకు మనిషికున్నట్టు ఆ టాన్సిల్స్ ఉండవు, దిగేది నడిమి భాగమైన వెర్మిస్.

గ్రేడింగ్‌కు బ్రిటిష్ వెటర్నరీ అసోసియేషన్, కెన్నెల్ క్లబ్ కలిసి 2012లో మొదలుపెట్టిన పద్ధతినే తీసుకున్నాం. కియారికి 0, 1, 2. చిన్నమెదడు గుండ్రంగా ఉంటే 0, నొక్కుకుపోయినా దానికీ రంధ్రానికీ మధ్య ద్రవం కనిపిస్తే 1, రంధ్రంలో ఇరుక్కున్నా దిగినా 2. సిరింగోమైలియాకూ మూడు గ్రేడ్లే. ఏమీ లేకపోతే 0. వెన్నుపాము నడిమి కాలువ 2 మి.మీ. కంటే తక్కువ ఉబ్బితే 1. 2 మి.మీ. గానీ అంతకు మించి గానీ ఉన్నా, విడిగా గుంత ఉన్నా, గుంత పడబోయే ముందు కనిపించే వాపు ఉన్నా 2. కావలియర్లలో దాదాపు అన్నిటికీ కియారి ఎంతో కొంత ఉంటుంది కాబట్టి ఆ గ్రేడు ఒక కుక్కను ఇంకో కుక్క నుంచి పెద్దగా వేరు చెయ్యదు. బరువంతా ఆ 2 మి.మీ. మీదే పడుతుంది. ఈ డైరీలో సగం దాని గురించే ఉండటానికి కారణం అదే.

1వ వారం: ఫైళ్లు, దిక్కులు

ముందు పేర్లు తీసెయ్యడం. స్కాన్ ఫైలు హెడర్లో ఒక్కో వివరానికి ఒక్కో నంబరు ట్యాగు ఉంటుంది. మనుషుల స్కాన్ల కోసం రాసిన స్క్రిప్టు పేషెంట్ పేరు (0010,0010) తుడిచి ఊరుకుంటుంది. పశువుల ఫైళ్లలో యజమాని పేరు 0010,2297 ట్యాగులో విడిగా కూర్చుని ఉంటుంది. అదీ తుడవాలి. జాతి రాసే 0010,2292 మాత్రం ఉంచాలి. కొన్నిచోట్ల కుక్క పేరు పక్కనే ఇంటిపేరు కలిపి రాస్తారు, కాబట్టి స్క్రిప్టు నడిచాక ఒక్కో సిరీస్ హెడర్ కంటితో చూడక తప్పదు.

తర్వాత ఫైళ్లు మార్చే ప్రోగ్రాం డీసీఎం2నిక్స్‌తో నిఫ్టీ (మెదడు విశ్లేషణ సాఫ్ట్‌వేర్లు చదివే రకం) ఫైళ్లుగా మార్చాం. దిక్కులు గల్లంతయ్యేది ఇక్కడే. కుక్కను బోర్లా పడుకోబెట్టి, మెషీన్లో మాత్రం అలవాటు కొద్దీ ‘తల ముందు, వెల్లకిలా’ అని నమోదు చేస్తారు (ట్యాగ్ 0018,5100). అప్పుడు వీపు వైపు పొట్ట వైపుగా, ఎడమ కుడిగా చూపిస్తుంది. చూడగానే ఎడమ కుడి తారుమారు చేద్దామనిపిస్తుంది. అది తప్పు. జరిగింది తల-తోక అక్షం చుట్టూ 180 డిగ్రీల తిరుగుడు, అద్దంలో బొమ్మ కాదు. ఒక్క అక్షాన్నే తిప్పితే లేని కుక్క తయారవుతుంది. మొత్తాన్ని 180 డిగ్రీలు తిప్పితే రెండు దిక్కులూ ఒకేసారి సర్దుకుంటాయి. సరిపోయిందో లేదో చూడటం తేలిక: ముక్కు ఎటో, చిన్నమెదడు ఎటో, నడినెత్తి ఎటో కనిపిస్తూనే ఉంటుంది, ఆ మూడూ కుదిరితే ఎడమ కుడి వాటంతటవే కుదురుతాయి. జేపెగ్‌గా ఎగుమతి చేసిన బొమ్మల్లో ఈ భరోసా లేదు. ఎవరో మధ్యలో అద్దం తిప్పి ఉండొచ్చు. వాటిని పక్కన పెట్టేశాం.

మనిషి ముక్కు మెషీన్ కప్పు వైపు చూస్తుంది, కుక్క ముక్కు సొరంగం వెంట చూస్తుంది. నమూనా మెదడు పటమైన అట్లాస్‌తో కలపాలంటే ఎడమ-కుడి అక్షం చుట్టూ ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి. ఇది మర్చిపోతే రిజిస్ట్రేషన్ (రెండు బొమ్మల్ని కలిపే ప్రక్రియ) ఎర్రర్ ఇవ్వదు, నిశ్శబ్దంగా తప్పు చేస్తుంది.

కొత్తగా తీసే స్కాన్లకు ఒక నియమం పెట్టుకున్నాం: కుడి కణత మీద విటమిన్-ఇ క్యాప్సూల్ ఒకటి టేపుతో అంటించడం. నూనె టీ1 అనే రకం స్కాన్లో తెల్లగా మెరుస్తుంది. మందుల షాపులో దొరికే మామూలు క్యాప్సూలే చాలు.

2వ వారం: ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి

ముందు స్లైసుల (స్కాన్ తీసే పలచని పొరల) సంగతి. 3 మి.మీ. మందం, మధ్యలో 0.3 మి.మీ. ఖాళీ ఉందనుకోండి. ఘనపరిమాణం లెక్కకు 3.3తో గుణించాలి. సాఫ్ట్‌వేర్ 0018,0088 (స్లైసుల మధ్య దూరం) వదిలేసి 0018,0050 (మందం) తీసుకుంటే ప్రతి వెంట్రికిల్ 9 శాతం చిన్నదైపోతుంది. చూడటానికి ఏ తేడా కనిపించదు. రెండు చోట్ల తీసిన స్కాన్లు కలిపినప్పుడు మాత్రం ‘ఆ చోటి కుక్కలకు వెంట్రికిళ్లు చిన్నవి’ అనే వింత ఫలితం బయటపడుతుంది. అందుకే రెండు ట్యాగులూ ప్రతి ఫైలుకూ పట్టికలో రాస్తున్నాం.

తల వంపు. మెడ వంచి తీసిన స్కాన్లో చిన్నమెదడు ఎక్కువ దిగినట్టు కనిపిస్తుంది, చాచి తీస్తే తక్కువ. అదే కుక్క, అదే రోజు. నడిమి సాజిటల్ (తలను ఎడమ కుడి సగాలుగా చీల్చే కోత) బొమ్మలో పుర్రె అడుగు ఎముక వెంట ఒక గీత, రెండో మెడ పూస కాలువ అడుగున ఒక గీత గీసి మధ్య కోణం నమోదు చేశాం. వంచిన గుంపునూ చాచిన గుంపునూ ఒకే పట్టికలో కలపం. ఈ కోణం రాయని పాత కొలతలతో పోల్చడం మానేశాం. అవి తప్పు కాకపోవచ్చు, కానీ మనకు పనికిరావు.

తల పక్కకు తిరిగితే ఇంకో గొడవ. అడ్డం స్లైసు 5 డిగ్రీలు పక్కకు తిరిగిందంటే, 40 మి.మీ. వెడల్పు మెదడులో ఒక చివర ఇంకో చివర కంటే 3.5 మి.మీ. ముందుంటుంది. అంటే ఎడమ వెంట్రికిల్‌ను ఒక స్లైసులో, కుడిదాన్ని పక్క స్లైసులో చూస్తున్నట్టే. ఎడమ కుడి వెంట్రికిళ్లు కొంచెం తేడాగా ఉండటం మామూలు కుక్కల్లోనూ సర్వసాధారణం. దానికి ఈ వంకర కూడా తోడైతే లేని జబ్బు కనిపిస్తుంది. రెండు చెవుల లోపలి కాక్లియాలు ఒకే స్లైసులో కనబడుతున్నాయా అని చూడటం మంచి పరీక్ష.

మైక్రోచిప్ భుజాల మధ్య ఉంటుంది. అది జారి మెడ వైపు వస్తే దాని చుట్టూ నల్లటి గొయ్యి పడి వెన్నుపాము మాయమవుతుంది. గ్రేడియెంట్ ఎకో అనే రకం సీక్వెన్సుల్లో (స్కాన్ తీసే పద్ధతుల్లో) ఈ గొయ్యి ఎక్కువ, స్పిన్ ఎకోలో తక్కువ. గొయ్యి అయిదో మెడ పూస దాకా పాకితే ఆ స్కాన్ సిరింక్స్ కొలతకు పనికిరాదు, వెంట్రికిళ్లకు వాడుకోవచ్చు.

ఇంకో కాలమ్ కూడా చేర్చాం: నడిమి చెవిలో ద్రవం. కావలియర్లలో చెవి బుల్లాలో (నడిమి చెవి ఎముక గదిలో) జిగురు చేరడం తరచు కనిపిస్తుంది, టీ2 అనే రకం స్కాన్లో తెల్లగా దొరికిపోతుంది. మెడ నొప్పి, గోకుడు దానివల్లా సిరింక్స్ వల్లా అనే ప్రశ్న తర్వాత వస్తుంది, అప్పుడు మళ్లీ ఫైళ్లన్నీ తెరవడం కంటే ఇప్పుడే టిక్కు పెట్టడం నయం.

3, 4 వారాలు: అగర్, సిరంజిలు, సైకిల్ స్పోకు

కొలిచే పద్ధతి నిజం చెబుతోందో లేదో తెలియాలంటే ముందే జవాబు తెలిసిన నకలు వస్తువు, అంటే ఫాంటమ్, కావాలి. 1 లీటరు డిస్టిల్డ్ వాటర్ కాచి, 20 గ్రాముల అగర్ (చల్లారితే జెల్‌గా గట్టిపడే పొడి) కలిపి, బాగా కరిగాక ప్లాస్టిక్ డబ్బాలో పోశాం. నీళ్లు పది నిమిషాలు తెర్లనివ్వడం తప్పనిసరి. లేకపోతే గాలి బుడగలు మిగిలి, ఒక్కో బుడగ చుట్టూ స్కాన్లో నల్ల మచ్చ వస్తుంది. 50 డిగ్రీల దగ్గర పడ్డాక పోస్తే సిరంజిలు వంగవు.

వెంట్రికిళ్ల బదులు 1, 2, 5, 10 మి.లీ. సిరంజిలు, కాచి చల్లార్చిన నీళ్లతో. సిరంజి మీది గీతల్ని నమ్మలేదు. 0.01 గ్రాము తేడా చూపే తక్కెడ మీద ఖాళీగా ఒకసారి, నింపి ఒకసారి తూచాం. 1 గ్రాము 1 మి.లీ.

సిరింక్స్ కోసం మొదట సన్నని ప్లాస్టిక్ గొట్టం పెట్టాం. గొట్టం గోడ స్కాన్లో నల్లగా వస్తుంది, నీటికీ జెల్‌కూ మధ్య నల్ల వలయం పడుతుంది. అసలు వెన్నుపాములో అలాంటి వలయం ఉండదు, అంచు నిర్ణయించడం అక్కడ కష్టం, ఇక్కడ సులువు. ఫాంటమ్ మనల్ని పొగిడి వదిలేస్తుంది. దాంతో గొట్టం తీసేసి సైకిల్ స్పోకు పట్టుకున్నాం. మామూలు 14 గేజ్ స్పోకు వ్యాసం 2.0 మి.మీ., వెర్నియర్‌తో సరిచూసుకోవాలి. అగర్‌లో నిలబెట్టి, గట్టిపడ్డాక డబ్బాను నీళ్లలో ముంచి, స్పోకును మెల్లిగా తిప్పుతూ లాగాలి. నీళ్లలో లాగితే కాలువలోకి గాలి బదులు నీరే వస్తుంది. లాగడంలో జెల్ చీలితే మళ్లీ మొదటి నుంచి. నూనె, వాజలీన్ రాయకూడదు, కొవ్వు స్కాన్లో తెల్లగా కనిపించి కాలువను పెద్దది చేస్తుంది. స్పోకు ఉక్కుది, ఎమ్మారై గది తలుపు దాటి లోపలికి రాకూడదు. లాగడం బయటే అయిపోవాలి.

వ్యాసం సరిచూడ్డానికి ఇంకో దారి: కాలువ 100 మి.మీ. పొడవుంటే 2 మి.మీ. వ్యాసానికి 0.31 మి.లీ. నీరు పట్టాలి. సన్నని సూదితో నీరు పీల్చి తూస్తే తెలుస్తుంది.

5వ వారం: పుర్రె ఒలవడం

మెదడును మిగతా తల నుంచి వేరు చెయ్యడానికి మెదడు స్కాన్ల సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎస్ఎల్‌లోని బెట్ అనే ప్రోగ్రాంతో మొదలుపెట్టాం. అది మనిషి తల కోసం రాసింది. బొమ్మ గురుత్వ కేంద్రం దగ్గర ఒక గోళం పెట్టి ఉబ్బిస్తూ పోతుంది. కుక్కలో ఆ కేంద్రం మెదడులో పడదు. దవడ కండలు, మూతి అంత మందం మరి. గోళం కండలోకి పొంగుతుంది. మూడు పనులు చేస్తే కొంత దారికొస్తుంది: బొమ్మను పుర్రె వరకే కత్తిరించడం, కేంద్రం వోక్సెల్ (బొమ్మలోని అతి చిన్న ఘనం) చేత్తో ఇవ్వడం, వ్యాసార్థం మిల్లీమీటర్లలో ఇవ్వడం. 0.5 ఉన్న త్రెషోల్డ్ (అంచును తేల్చే విలువ) తగ్గిస్తే అంచు బయటికి జరుగుతుంది.

చిన్న కుక్కలను తరచు మనుషుల మోకాలి సిగ్నల్ అందుకునే కాయిల్‌లో స్కాన్ చేస్తారు. కాయిల్‌కు దగ్గరున్న భాగం తెల్లగా, దూరంగా ఉన్నది మసకగా వస్తుంది. ఈ తెలుపు తేడాను సరిచేసే ఎన్4 దిద్దుబాటు ముందు చెయ్యాలి, త్రెషోల్డ్ తర్వాత. వరుస తారుమారైతే వెంట్రికిల్ అంచు కాయిల్ దూరాన్ని బట్టి మారుతుంది.

అట్లాస్ విషయంలో ఆశ తగ్గించుకున్నాం. కార్నెల్ విశ్వవిద్యాలయం వారి కుక్క మెదడు అట్లాస్ బాగుంది, కానీ అది మధ్యరకం మూతి ఉన్న కుక్కలది. కావలియర్ మూతి పొట్టి. మూతి పొట్టిదవుతున్న కొద్దీ మెదడు ముందు భాగం కిందికి తిరుగుతుంది, ఘ్రాణ లంబికలు అడుగుకు జారుతాయి. వెంట్రికిళ్లు పెద్దవైన కుక్కలో కార్టెక్స్ (మెదడు పై పొర) పలచబడి ఉంటే వార్పింగ్ (అట్లాస్‌ను సాగదీసి అతికించడం) గోడల్ని ఎక్కడికో లాగేస్తుంది. అట్లాస్‌ను మొదటి ముసుగు గియ్యడానికే వాడుతున్నాం. తుది గీత, బొమ్మ మీద హద్దులు గీసే సాఫ్ట్‌వేర్ ఐటీకే-స్నాప్‌లో చేత్తోనే.

6, 7 వారాలు: వెంట్రికిళ్లు

అంచు ఎక్కడ అన్న ప్రశ్న అర వోక్సెల్ దగ్గర ఎంత ఖరీదైనదో లెక్క చూడండి. 1 మి.లీ. గోళం వ్యాసార్థం 6.2 మి.మీ. వోక్సెల్ 0.7 మి.మీ. అయితే అర వోక్సెల్ 0.35. అంచు అంతమేర బయటికి జరిపితే పరిమాణం 18 శాతం పెరుగుతుంది. వెంట్రికిల్ గోళం కాదు, కొమ్ములు తిరిగిన సన్నని సంచి. దాని ఉపరితలం ఎక్కువ, తప్పు ఇంకా ఎక్కువ. సిరంజి ఫాంటమ్ ఇక్కడ పనికొచ్చింది: ద్రవం, పక్క కణజాలం తెల్లదనాల సగటు దగ్గర గీత పెడితే తూకంతో సరిపోతుంది, కంటికి ‘బాగుంది’ అనిపించిన చోట పెడితే ఎప్పుడూ పెద్దగానే వస్తుంది. ఇప్పుడు ప్రతి స్కాన్లో శుద్ధ ద్రవం ఒకచోట, తెల్ల పదార్థం ఒకచోట నమూనా తీసి సగటు లెక్కించాకే త్రెషోల్డ్.

వెంట్రికిల్-మెదడు నిష్పత్తి వేగంగా తియ్యొచ్చు: ఇంటర్‌థలమిక్ అడిహీషన్ (మెదడు నడుమ రెండు థాలమస్‌లను కలిపే భాగం) దగ్గర అడ్డం స్లైసులో రెండు వెంట్రికిళ్ల గరిష్ఠ వెడల్పును అదే స్లైసులో మెదడు గరిష్ఠ వెడల్పుతో భాగించడం. నిష్పత్తి 0.6 దాటితే, కుక్కకు లక్షణాలు తెచ్చే హైడ్రోసెఫలస్ (మెదడులో నీరు చేరడం) కావచ్చని అనుమానం. ఒక్క సంఖ్య సరిపోదు. లోపల ఒత్తిడి పెరిగిందని చెప్పేవి వేరే ఉన్నాయి: కార్పస్ కాలోసమ్ (మెదడు రెండు సగాలను కలిపే పట్టీ) పైకి లేవడం, ఇంటర్‌థలమిక్ అడిహీషన్ పైనుంచి కిందికి నలగడం, ఘ్రాణ గుంతలు ఉబ్బడం, మెదడు మడతల మధ్య ద్రవం కనబడకపోవడం, వెంట్రికిల్ పక్కన ఫ్లెయిర్ అనే రకం స్కాన్లో వాపు. పొట్టి మూతి చిన్న జాతుల్లో పెద్ద వెంట్రికిల్, జబ్బు లేకుండానే, మామూలుగా దొరుకుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పగ్, షీ ట్జులకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

8వ వారం: వెనక గది

టీ1లో ఎముకా నలుపే, ద్రవమూ నలుపే, గోడ ఎక్కడో తెలియదు. టీ2లో ద్రవం తెలుపు, ఎముక నలుపు. అందుకే గది గోడ టీ2లో గియ్యాలి. ముందు హద్దు చిన్నమెదడు మీది టెంటోరియం అనే అడ్డుపొర, వెనక హద్దు ఫొరామెన్ మాగ్నమ్ పై అంచు నుంచి కింది అంచుకు గీసిన గీత. ఎముక మజ్జలో కొవ్వు తెల్లగా మెరిసి గోడను లోపలికి లాగుతుంది, పుర్రె అడుగు ఎముక దగ్గర ఇది బాగా మోసం చేస్తుంది. దిగిన వెర్మిస్‌ను అదే వెనక గీతకు లంబంగా కొలుస్తున్నాం.

గీత దాటి బయటికి వచ్చిన చిన్నమెదడును నిష్పత్తిలో కలపాలా వద్దా? గది ఎంత నిండిందన్నది ప్రశ్న కాబట్టి కలపలేదు, దిగినది విడి కాలమ్. తల పరిమాణంతో పోల్చి చూస్తే కావలియర్ వెనక గది చిన్న జాతుల గదంత, అందులో మెదడు మాత్రం లాబ్రడార్‌కు దగ్గరగా ఉంటుందని 2009లో వచ్చిన పరిశోధన చూపింది. కాబట్టి గది పరిమాణం ఒక్కటే రాస్తే ఏమీ తేలదు, నిష్పత్తే అసలు విషయం.

9వ వారం: సిరింక్స్

2 మి.మీ. కాలువ, 3 మి.మీ. మందం సాజిటల్ స్లైసు. కాలువ సరిగ్గా స్లైసు నడుమ ఉన్నా, నడిమి పిక్సెల్‌లో మూడింట రెండొంతులే ద్రవం, మిగతాది వెన్నుపాము. సగం తెల్లదనం దగ్గర గీత పెడితే కనిపించే వెడల్పు 1.3 మి.మీ. గ్రేడ్ 2 కుక్క గ్రేడ్ 1 అయిపోయింది. కాలువ స్లైసు అంచుకు జరిగితే ఇంకా సన్నం. స్పోకు ఫాంటమ్‌లో కళ్లారా చూసింది ఇదే. అడ్డం స్లైసులో ఈ గొడవ లేదు, కాలువ స్లైసును నిలువునా దాటుతుంది. సాజిటల్ బొమ్మ గుంతను వెతకడానికి, వెడల్పు కొలవడానికి మాత్రం వెడల్పైన చోట తీసిన అడ్డం స్లైసు. అడ్డం స్లైసులు లేని స్కాన్లకు గ్రేడు ఇవ్వడం మానేశాం.

అడ్డం స్లైసులోనూ 0.6 మి.మీ. పిక్సెల్ అయితే 2 మి.మీ. అంటే మూడు పిక్సెళ్ల పైచిలుకు. ఒక్క పిక్సెల్ తేడాతో గ్రేడు మారుతుంది. 1.7 నుంచి 2.3 వరకు వచ్చినవన్నీ ‘గీత మీద’ అని విడిగా గుర్తిస్తున్నాం.

రెండో మోసం గిబ్స్ గీతలు. ద్రవానికీ వెన్నుపాముకూ మధ్య తెల్లదనం ఒక్కసారిగా మారడం వల్ల పక్కన అలల్లా గీతలు పడతాయి, రెండు వైపుల అలలు నడుమ కలిసి వెన్నుపాములో సన్నని కాలువలా కనిపిస్తాయి. గుర్తుపట్టే పద్ధతి: నిజమైన కాలువ ఒకచోట వెడల్పుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, గిబ్స్ గీత వెన్నుపాము అంచుకు సమాంతరంగా, మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంతో సాగుతుంది. అడ్డం స్లైసులో మాయమవుతుంది. మ్యాట్రిక్స్ (పిక్సెళ్ల సంఖ్య) పెంచి మళ్లీ తీస్తే సన్నబడుతుంది.

పిక్సెల్ తగ్గిస్తే అంతా తీరుతుందా? 0.5×0.5×3 వోక్సెల్ 0.75 ఘన మి.మీ. ప్రతి వైపూ 0.7 అయితే 0.34. రెండు డైమెన్షన్ల స్కాన్లో సిగ్నల్ సగం కంటే తగ్గుతుంది, అది తిరిగి రావాలంటే దాదాపు 5 రెట్లు సమయం. కుక్క మత్తులో ఉన్నది. మూడు డైమెన్షన్ల సీక్వెన్సు కొంత ఆదుకుంటుంది కానీ కదలికకు, ద్రవం కొట్టుకోవడానికి బొమ్మ మొత్తం చెడుతుంది. పైగా మత్తు సాగిన కొద్దీ కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు రక్తనాళాలు ఉబ్బుతాయి. వదిలే గాలిలో అది 35-40 మి.మీ. పాదరసం దగ్గర నిలిపి, స్కాన్ షీటులో రాయించాలి.

10వ వారం: ఇద్దరు, రెండుసార్లు

ఇద్దరు విడివిడిగా గ్రేడు వేస్తారు, వయసు తెలియకుండా. బొమ్మ వెలుతురు సెట్టింగ్ ముందే తాళం వేసి ఇస్తాం. వెలుతురు పెంచితే సిరింక్స్ లావవుతుంది, కంటికి తోచినట్టు తిప్పుకోనిస్తే ఇద్దరి మధ్య తేడా అక్కడే పుడుతుంది. నాలుగు వారాల తర్వాత ఫైళ్ల పేర్లు మార్చి మళ్లీ.

వయసు గ్రేడు వేశాకే కలుపుతాం. బ్రిటన్ పద్ధతిలోనూ గ్రేడు పక్కన వయసు అక్షరం ఉంటుంది: 5 ఏళ్లు దాటితే ఎ, 3 నుంచి 5 బి, 1 నుంచి 3 సి. లక్షణాలు లేని 555 కావలియర్ల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో 12 నెలల కుక్కల్లో 25 శాతానికి, 72 నెలలు దాటినవాటిలో 70 శాతానికి సిరింగోమైలియా దొరికింది. ఏడాది కుక్కకు ‘0’ రావడం అంటే ఇంకా రాలేదని మాత్రమే. 0-సి గ్రేడు కుక్కలతో పిల్లల్ని పుట్టించేవారికి ఇది మింగుడు పడదు. నార్వేలో 2023లో అత్యున్నత న్యాయస్థానం ఈ జాతి కుక్కల సంతానోత్పత్తికి అడ్డు చెప్పిన తీర్పును సమర్థించాక ఈ వాదన పాఠశాల చర్చ కాదు.

మిగిలిన పని

‘గీత మీద’ ఉన్నవాటిని మూడో వ్యక్తికి పంపాలి, మొదటి ఇద్దరి గ్రేడ్లు చూపకుండా. స్పోకు ఫాంటమ్‌ను 2.0తోపాటు 1.5, 2.5 మి.మీ. కడ్డీలతో మళ్లీ పొయ్యాలి, అదే కాయిల్‌లో, అదే సీక్వెన్సుతో, కాలువను నిలువుగా ఒకసారి, 10 డిగ్రీలు వంచి ఒకసారి. అగర్ మూడు రోజులకే బూజు పడుతుంది, పోసిన రోజే స్కాన్ సమయం దొరికితేనే మొదలుపెట్టాలి.